దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీ నగర్ ప్రాంత కార్ల సంస్కృతి

నిర్వచనం, పరిధి

కారు కొనడం, నడపడం, బాగుచేయించడం, ముస్తాబు చేయడం, అమ్మడం, దాని గురించి మాట్లాడుకోవడం చుట్టూ ఒక ప్రాంతంలో స్థిరపడిన అలవాట్లను, వృత్తులను, అభిరుచులను, నమ్మకాలను కలిపి కార్ల సంస్కృతి అంటారు. హైదరాబాద్ తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లతో పాటు వాటిని ఆనుకుని ఉన్న మూసారాంబాగ్, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, నాగోల్, కర్మన్‌ఘాట్, చంపాపేట, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లను ఈ వ్యాసం ఒకే పరిధిగా తీసుకుంటుంది.

నగరంలో ఖరీదైన విదేశీ కార్ల షోరూములు ఎక్కువగా పడమట జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, గచ్చిబౌలి వైపు ఉన్నాయి. తూర్పు వైపు సంస్కృతి వేరు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్టు, నమ్మకమైన మెకానిక్కు, సొంతూరికి వెళ్లే దారి అనే మూడు ఆధారాల మీద ఇది పెరిగింది. కార్ల మోజు గురించి వచ్చే రాతలు పడమటి వైపునే ఎక్కువగా పట్టించుకున్నాయి. మధ్యతరగతి ఇంటికి కారు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం చూడవలసింది ఈ వైపే.

భౌగోళిక నేపథ్యం

జాతీయ రహదారి 65 ఈ ప్రాంతం మధ్యగా పోతుంది. పుణే నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే ఈ దారికి పాత సంఖ్య 9. ఆ పాత సంఖ్యతోనే దాన్ని పిలిచేవారు ఇప్పటికీ ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ కూడలికి చేరాక నేరుగా పోతే హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మీదుగా విజయవాడ. కుడివైపు సాగర్ రింగురోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం, నాగార్జునసాగర్. ఎడమవైపు నాగోల్, ఉప్పల్ చేరి వరంగల్ దారి పట్టవచ్చు. పెద్ద అంబర్‌పేట దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు హైవేను కలుస్తుంది.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ కాలనీల్లో పెద్దసంఖ్యలో ఉన్నాయి. ఊరి బస్సు దిగే చోటికి దగ్గరగా ఇల్లు చూసుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం 2007 వరకు వేర్వేరు మున్సిపాలిటీలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అవి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిశాయి.

పాత ఇళ్లు కట్టేనాటికి కారు అందరి లెక్కలో లేదు. ప్రహరీ లోపల స్కూటరు పట్టే చోటు వదిలితే సరిపోయేది. తరువాత గేటు వెడల్పు చేసి, వీధిలోకి ర్యాంపు దింపి, మెట్లను పక్కకు జరిపి కారుకు చోటు చేశారు. అదీ కుదరని ఇళ్ల ముందు గోడవారగా కవరు కప్పిన బండ్లు వరుసగా కనిపిస్తాయి. అపార్టుమెంట్లలో సెల్లారు పార్కింగు ఫ్లాటు ధరలో భాగమైపోయింది. ఎవరి గేటు ముందు ఎవరి కారు నిలిచిందన్న తగాదా కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాల్లో తరచు వినిపించే అంశం.

చరిత్ర

*సంస్థాన కాలం.* హైదరాబాద్‌లో కారు మొదట దర్బారు వస్తువు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సింహాసనపు కారుకు ఆర్డరిచ్చి, అది చేరకముందే మరణించాడు. దాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వేడుకలకు వాడాడు. పసుపుపచ్చని ఆ కారును చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు చూడవచ్చు. సామాన్యుడికి మోటారు ప్రయాణం బస్సుతో మొదలైంది. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రారంభమైంది.

*అంబాసిడర్ నుంచి మారుతి దాకా.* స్వాతంత్ర్యం తరువాత చాలాకాలం పాటు కారంటే అంబాసిడర్, ఫియట్. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, పెద్ద వ్యాపారులు, ప్రభుత్వ శాఖలు వాటి వాడకందారులు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 రావడంతో ఉద్యోగస్తుడికి కారు కొనాలన్న ఆలోచన పుట్టింది. 1998లో హ్యుందాయ్ శాంట్రో, టాటా ఇండికా వచ్చాయి. బ్యాంకు వాయిదాలు సులువయ్యాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, బంగారు షాపులతో దిల్‌సుఖ్‌నగర్ పెద్ద వ్యాపార కేంద్రంగా ఎదుగుతున్న కాలం కూడా అదే. మారుతి 800 తయారీ, అంబాసిడర్ తయారీ రెండూ 2014లోనే ఆగిపోయాయి.

*సుమో, క్వాలిస్, స్కార్పియో.* 1994లో వచ్చిన టాటా సుమోకు ఇక్కడ రెండు జీవితాలు. ఒకటి పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు పదిమందిని మోసే అద్దె బండిగా. రెండోది తెరమీద. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి తరువాత వరుసకట్టిన ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోల బారు కనిపించకపోతే కథ నడవని పరిస్థితి వచ్చింది. 2000లో టొయోటా క్వాలిస్, 2002లో మహీంద్రా స్కార్పియో, 2005లో ఇన్నోవా వచ్చి ఆ స్థానాన్ని పంచుకున్నాయి. తెల్ల స్కార్పియో, ఆ తరువాత తెల్ల ఫార్చ్యూనర్ రాజకీయ నాయకత్వానికి గుర్తుగా స్థిరపడ్డాయి. రియల్ ఎస్టేట్ వ్యాపారులు అదే వరుస పట్టారు.

*రహదారి విస్తరణ, మెట్రో.* హైదరాబాద్–విజయవాడ దారి 2012 నాటికి నాలుగు వరుసలైంది. 2018 నుంచి చింతల్‌కుంట, ఎల్బీ నగర్, కామినేని, బైరామల్‌గూడ, నాగోల్ కూడళ్లలో అండర్‌పాసులు, ఫ్లైఓవర్లు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకున్నాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో మార్గం ప్రారంభమైంది. మెట్రో కారును తగ్గిస్తుందని అనుకున్నారు. ఇక్కడ అది కారు వాడే వేళను మార్చింది. వారం రోజులు ఆఫీసుకు మెట్రో, ఆదివారం గుడికో ఊరికో కారు అన్న విభజన చాలా ఇళ్లలో కుదురుకుంది.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్టు

ఈ ప్రాంత కార్ల సంస్కృతిలో అతి ముఖ్యమైన భాగం ఇదే. నాగోల్, ఎల్బీ నగర్, కొత్తపేట, హయత్‌నగర్ రోడ్ల వెంట ఖాళీ స్థలాల్లో షామియానా కిందో, రేకుల షెడ్డు కిందో బండ్లు నిలబెట్టి అమ్మే దుకాణాలు ఉంటాయి. అద్దం మీద తెల్లరంగుతో మోడల్ సంవత్సరం, ఇంధనం, సింగిల్ ఓనర్ అన్న మాట రాసి ఉంటాయి. వాటితో పాటు సొంత దుకాణం లేకుండా ఫోన్ల మీదే బేరాలు కుదిర్చే మధ్యవర్తులు ఉన్నారు. వారికి కొన్నవాడూ అమ్మినవాడూ చెరికొంత కమిషన్ ఇవ్వడం వాడుక. కంపెనీల పేర నడిచే సెకండ్‌హ్యాండ్ షోరూములు, మొబైల్ యాప్‌లు వచ్చాక మధ్యవర్తుల రాబడి తగ్గిందేగాని వారి అవసరం పోలేదు.

బండి చూసే పద్ధతిలో ఇక్కడివారి నైపుణ్యం తెలుస్తుంది. అనుభవజ్ఞుడు మొదట ఇంజిన్ చూడడు. బానెట్ ఎత్తి కీళ్ల దగ్గరి బోల్టులు చూస్తాడు. వాటి మూలల్లో పెయింటు చెదిరి ఉంటే పానా పడిందని, అంటే బానెట్ ఒకసారి ఊడదీశారని అర్థం. తరువాత తలుపు రబ్బరు బీడింగు లాగి, పిల్లర్ మీద కంపెనీ వేసిన గుండ్రటి వెల్డింగు చుక్కలు సమదూరంలో ఉన్నాయో లేదో చూస్తాడు. అవి చెరిగిపోయి, లప్పం నునుపు తగిలితే ఆ బండి గట్టిగా దెబ్బతిన్నదే. ఆయిల్ మూత తీసి లోపల తెల్లటి నురగ ఉందేమో చూడడం, చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పొగ రంగు గమనించడం, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు వదిలి బండి ఎటు గుంజుతుందో పరీక్షించడం తరువాతి మెట్లు. మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం ఉంటే స్టీరింగు తోలు, క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు అంచు ఎంత అరిగాయో చూసి లెక్కవేస్తారు. షోరూము సర్వీసు రికార్డు ఉంటే ఈ అనుమానాల్లో చాలావరకు తీరిపోతాయి.

*వరద బండ్లు.* 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఎల్బీ నగర్, సరూర్‌నగర్, హయత్‌నగర్‌ల లోతట్టు కాలనీలు మునిగాయి. సెల్లార్లలో నిలిపిన కార్లు నీటి అడుగునే రోజులు గడిపాయి. ఆ తరువాత ఈ మార్కెట్టులో కొత్త పరీక్షలు చేరాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి, సాధారణంగా బయటకు రాని భాగంలో బురద చార ఉందేమో చూస్తారు. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగున తుప్పు, ఒండ్రు ఉన్నాయేమో వెతుకుతారు. కార్పెట్ ఎత్తి వాసన చూస్తారు. సీట్లు మార్చి, పాలిష్ కొట్టించి అమ్మినా ఈ మూడు చోట్ల నీటి గుర్తు పోదు.

మునిగిన బండిని వెంటనే స్టార్ట్ చేయడం పెద్ద నష్టానికి దారితీసింది. సిలిండరులో చేరిన నీరు గాలిలాగా కుదించుకుపోదు. పిస్టన్ పైకి లేవలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సమగ్ర బీమా వరదను భరిస్తుంది గాని, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే పరిహారానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా పరిగణిస్తుంది. అలాంటి బండ్లు వేలంలో చేతులు మారి మళ్లీ రోడ్డెక్కే ప్రమాదం ఉంది గనుక కొనేముందు బీమా చరిత్ర చూడడం తప్పనిసరి.

*ఢిల్లీ బండ్లు.* రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. దానితో అక్కడి డీజిల్ బండ్లు తక్కువ ధరకు దక్షిణాదికి రావడం మొదలైంది. కొన్న ధర మాత్రమే చూసి సంబరపడినవారు కాగితాల దగ్గర ఆగిపోయిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. ఎన్‌ఓసీ కోసం ఫారం 28, యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30, అప్పు తీరితే ఫైనాన్స్ పేరు తొలగించడానికి ఫారం 35 కావాలి. ఏడాది మించి ఇక్కడ నడపాలంటే తెలంగాణ నంబరు తీసుకుని లైఫ్ టాక్స్ కట్టాలి. ఈ ఖర్చంతా కలిపి చూస్తే ఢిల్లీ బండి చౌకదనం చాలాసార్లు సగానికి తగ్గుతుంది.

మెకానిక్కులు, ఆటోనగర్

వనస్థలిపురం – హయత్‌నగర్ మధ్య హైవే పక్కన ఉన్న ఆటోనగర్ వాహన మరమ్మతుల కోసం ఏర్పడిన పారిశ్రామికవాడ. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ మాదిరిగా ఇది కూడా ప్రధానంగా లారీలది. బాడీ కట్టేవారు, కమాను పట్టీలు బాగుచేసేవారు, రేడియేటర్ పనివారు, పాత బండ్లు విప్పి సామాను అమ్మేవారు ఒకేచోట దొరుకుతారు. కంపెనీలు తయారీ ఆపేసిన కార్ల విడిభాగాలకు ఇదే ఆధారం. ఇక్కడ దొరకనివాటి కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాలకు వెళ్తారు.

కాలనీ మెకానిక్కు స్థానం ప్రత్యేకమైనది. వారంటీ ఉన్నంతవరకు కంపెనీ సర్వీసు సెంటరుకు, ఆ తరువాత ఇతని దగ్గరకు బండి వస్తుంది. టింకరింగు, పెయింటింగు, ఏసీ, ఎలక్ట్రికల్, వీల్ అలైన్‌మెంటు దేనికదే వేర్వేరు చేతులు. మెకానిక్కు వారిని పిలిపించి పని సమన్వయం చేస్తాడు. కొనబోయే కారును చూడడానికీ ఇతన్నే తీసుకెళ్తారు. “అన్నా, బండి ఎట్లుంది?” అని అడిగితే “ఇంజిన్ మంచిగుంది గానీ సస్పెన్షన్ పనుంది, ఓ ఇరవై వేలు తగ్గించి అడుగు” అన్న తీర్పు మీదే బేరం నిలుస్తుంది. ఈ విద్య బడిలో నేర్చింది కాదు. పదేళ్ల వయసులో పానాలు అందించడంతో మొదలైనవారే పాత తరంలో ఎక్కువ. బీఎస్–6 కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక సెన్సర్లు పెరిగి, స్కానర్ లేనిదే లోపం పట్టలేని స్థితి వచ్చింది. చెవితో ఇంజిన్ జబ్బు చెప్పగల మేస్త్రీల అనుభవం ఎక్కడా నమోదు కాకుండానే పోతోంది. ఇది నిజమైన నష్టం.

కార్ల ప్రియులు: రకాలు

కింది విభజన స్థూలమైనది. ఒకే మనిషి రెండు మూడు వర్గాల్లో ఉండవచ్చు.

*ఊరి బండి కుటుంబాలు.* సంఖ్యలో వీరే అధికం. కారు ఎంపికలో వీరి ప్రశ్నలు మైలేజీ, డిక్కీ వైశాల్యం, గ్రౌండ్ క్లియరెన్సు, ఊళ్లో సర్వీసు దొరుకుతుందా అన్నవి. డిక్కీలో వెళ్లేటప్పుడు బట్టలు, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చళ్లు, కొబ్బరికాయలు. సంక్రాంతికి ముందురోజుల్లో చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద కిలోమీటర్ల బారున నిలిచే వరుస వీరిదే. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయ్యాక ఆగే సమయం తగ్గినా, పండుగ రద్దీ మాత్రం అలాగే ఉంది. వీరిని కార్ల ప్రియుల్లో లెక్కించకపోవడం పరిపాటి. కాని పదిహేనేళ్ల పాత వ్యాగనార్‌కు సకాలంలో ఆయిల్ మార్పించి, ప్రతి బిల్లు ఫైల్లో పెట్టి, అమ్మేరోజున తాళం ఇవ్వలేక ఇచ్చే మనిషికి కారు మీదున్న ప్రేమ ఎవరికన్నా తక్కువది కాదు.

*డ్రైవర్లు.* క్యాబ్ నడిపే సొంతదారులు మరో పెద్ద వర్గం. 2015లో జీహెచ్‌ఎంసీ చేపట్టిన ‘డ్రైవర్ కమ్ ఓనర్’ పథకం, ఆ తరువాత యాప్ క్యాబుల విస్తరణ దీనికి తోడ్పడ్డాయి. ఒక మోడల్ లక్ష కిలోమీటర్ల తరువాత ఎలా ఉంటుందో వీరికి తెలిసినంతగా కంపెనీ అమ్మకందారుకు తెలియదు. అందుకే సొంత కారు కొనేవారు వీరి అభిప్రాయం అడుగుతారు.

*మార్పుచేర్పుల ప్రియులు.* అలాయ్ వీల్సు, వెడల్పాటి టైర్లు, ప్రొజెక్టరు లైట్లు, స్పాయిలర్, సైలెన్సర్ మార్పు వీరి పని. స్విఫ్ట్, పోలో, పాత హోండా సిటీ ఇష్టమైన బండ్లు. ఇంజిన్ ఈసీయూ రీమ్యాపింగు చేయించేవారు కొద్దిమంది. అమెరికాలో లోరైడర్లు, జపాన్‌లో డ్రిఫ్టింగు కార్లు సొంత సంప్రదాయాలుగా ఎదిగాయి. ఇక్కడ చట్టం, రోడ్డు, ఖర్చు మూడూ అడ్డుపడి మార్పులు పైపైనే ఆగుతున్నాయి (చూ. చట్టపరమైన అంశాలు).

*థార్ ప్రియులు, ఆఫ్‌రోడర్లు.* 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త మహీంద్రా థార్ యువకుల కోరికగా మారింది. జిప్సీ, పాత జీపుల అభిమానులు అంతకుముందే ఉన్నారు. రాచకొండ గుట్టలు, ఇబ్రహీంపట్నం వైపు రాతినేలలు వీరికి దగ్గర. కొన్న థార్‌లలో చాలావాటికి ఫోర్ వీల్ గేరు వేసే అవసరం ఎన్నడూ రాదు. ఎత్తైన ఆకారం, కాలేజీ రోడ్డులో పడే చూపు చాలనుకునేవారే ఎక్కువ.

*సెల్ఫ్‌డ్రైవ్ యువత.* హాస్టళ్లలో ఉండే విద్యార్థులు, కొత్త ఉద్యోగులు కారు కొనలేకపోయినా అద్దెకు తీసుకుని నడుపుతారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌ల్లో ఇలాంటి అద్దె దుకాణాలు చాలా ఉన్నాయి. చట్టబద్ధమైన సెల్ఫ్‌డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత కార్లను అద్దెకివ్వడం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా దక్కకపోవచ్చు.

*లాంగ్‌డ్రైవ్ ప్రియులు.* తెల్లవారుజామున బయల్దేరి, నార్కట్‌పల్లిలోనో సూర్యాపేటలోనో టిఫిన్ చేసి వెనుదిరగడం వీరికి ఆదివారపు అలవాటు. 150 కిలోమీటర్ల లోపున్న నాగార్జునసాగర్ ఒకరోజు ప్రయాణం. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటాయి. వేళ లెక్కవేసుకోనివారు మన్ననూరు దగ్గర తెల్లారేదాకా ఆగవలసి వస్తుంది.

*నంబరు ప్రియులు.* వాహనం కన్నా నంబరు మీద ధ్యాస ఎక్కువ. అంకెలు కూడితే 9 రావాలనో, 8 రాకూడదనో చూస్తారు. కుటుంబంలోని బండ్లన్నింటికీ ఒకే నంబరు కొనేవారున్నారు. నటుడు జూనియర్ ఎన్టీఆర్‌కు 9999 మీద ఉన్న ఇష్టం జగమెరిగినది. ఖైరతాబాద్ రవాణా కార్యాలయ వేలంలో ఆ నంబరు 20 లక్షల రూపాయలు దాటిన సందర్భాలున్నాయి. తూర్పు వైపు వేలాలు అంత ఎత్తుకు పోవు.

*పాతకార్ల సేకర్తలు.* ఈ ప్రాంతంలో తక్కువ. పాత, వింత కార్లను చూడగలిగే చోట్లు కూడా ఇక్కడ కాదు. నిజాం మ్యూజియం, చౌమహల్లా, బహదూర్‌పురాలో కె. సుధాకర్ తన చేతులతో వింత ఆకారాల కార్లు తయారుచేసి నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియం మూసీకి దక్షిణాన పాతనగరంలో ఉన్నాయి. 

*సింగారింపు, ఆడియో.* సిరామిక్ కోటింగు, పెయింటు రక్షణ ఫిల్ము, ఊఫర్లు, డాష్‌బోర్డు స్క్రీన్లు అమర్చే దుకాణాలు గత దశాబ్దంలో పెరిగాయి. పాతవాటిలో సీటు కవర్ల పనే ఇప్పటికీ నిలకడైన వ్యాపారం.

*విద్యుత్ కార్ల వాడకందారులు.* 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీతో వీరి సంఖ్య కనిపించేంతగా పెరిగింది. 2024 నవంబర్‌లో ప్రకటించిన తెలంగాణ విధానం 2026 డిసెంబర్ 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. సెల్లారులో చార్జింగు పాయింటుకు అపార్టుమెంటు సంఘం ఒప్పుకోవడమే ఇక్కడి ప్రధాన చిక్కు.

మోటారు క్రీడకు ఈ ప్రాంతం ప్రేక్షకులనే ఇచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా–ఈ పోటీ నగరవాసులు అంతర్జాతీయ రేసును దగ్గరగా చూసిన సందర్భం.  

డ్రైవింగు నేర్వడం

నేర్చుకునేవారికి మొదట డ్రైవింగు స్కూలు, ఆ తరువాత లైసెన్సు పరీక్షకు నాగోల్ టెస్టు ట్రాక్. 8 ఆకారం, హెచ్ ఆకారంలో వెనక్కి నడపడం, ఎత్తు మీద ఆపి జారకుండా ముందుకు కదలడం అక్కడి పరీక్షలు. హెచ్ ట్రాక్ మీద తప్పడం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలిసిన విషయం. స్కూళ్లలో చేరే మహిళల సంఖ్య పెరిగింది. పిల్లలను కార్పొరేట్ స్కూళ్లలో దింపే పని ఎక్కువగా వారి మీద పడడం ఒక కారణం. ఆటోమేటిక్ గేరు కార్లు చవకగా రావడం మరొకటి.

వాహన పూజ

కొత్తదైనా సెకండ్‌హ్యాండ్‌దైనా బండి ముందు గుడికి వెళ్తుంది. కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయం, దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి, కొత్తపేట అష్టలక్ష్మి ఆలయం దగ్గరివి. యాదగిరిగుట్టకు వెళ్లేవారూ ఉన్నారు. పూజారి బానెట్ మీద పసుపుతో ఓంకారమో స్వస్తికమో రాసి కుంకుమ పెడతాడు. బంపరుకు దండ వేసి, అద్దం మీద, స్టీరింగు మీద బొట్టు పెట్టి, హారతి ఇస్తాడు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాక యజమాని మెల్లగా ముందుకు నడిపి నిమ్మకాయలను తొక్కిస్తాడు. డ్రైవింగు ఇంకా రాని యజమాని బావమరిదినో మెకానిక్కునో ఆ నాలుగడుగులకు సీట్లో కూర్చోబెట్టడం కూడా కనిపిస్తుంది. దసరా నాడు ఆయుధపూజలో భాగంగా మెకానిక్కు షెడ్లు పానాలు కడిగి, బొట్లు పెట్టి, ఆ రోజు పని ఆపుతాయి. ముస్లిం కుటుంబాలు దర్గాల దగ్గర ఫాతిహా చదివించడం, క్రైస్తవులు పాస్టరుతో ప్రార్థన చేయించడం ఇదే కోవలోవి.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలను మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరి తీర్పులో దీన్ని స్పష్టం చేసింది. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. అద్దాల నుంచి కాంతి ముందూ వెనుకా కనీసం 70 శాతం, పక్కల 50 శాతం లోపలికి రావాలి. నల్లఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో కఠిన ఆదేశాలిచ్చింది. ముందు బిగించే ఇనుప గార్డులను 2017 డిసెంబర్‌లో కేంద్రం నిషేధించింది. గుద్దుకున్నప్పుడు పాదచారికి ప్రాణాపాయం కలిగించడమే కాక, అవి ఎయిర్‌బ్యాగుల పనిని కూడా చెడగొట్టవచ్చు. రోడ్డు మీద పందాలకు 2019 సవరణ తరువాత మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మైనరుకు తాళం ఇస్తే సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ కార్లకు 2021 జూలై నుంచి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు శ్రేణి ఉంది. వాటిని రోజువారీ వాడకానికి తిప్పరాదు.

నంబరు ప్లేట్లు, ప్రస్తుత స్థితి

ఈ వీధుల్లో నిలిచిన కార్ల వయసు ప్లేటు చూసి చెప్పవచ్చు. ఇక్కడ నమోదైనవాటిలో 2014 జూన్‌కు ముందువాటికి ‘ఏపీ’ సంకేతం, ఆ తరువాత ‘టీఎస్’, 2024 మార్చి నుంచి ‘టీజీ’. ‘టీఎస్’, ‘టీజీ’ సంఖ్యల్లో 07 రంగారెడ్డి జిల్లాది, 08 మేడ్చల్–మల్కాజిగిరిది, 11 మలక్‌పేట కేంద్రంగా ఉన్న హైదరాబాద్ తూర్పుది. రాష్ట్రం విడిపోయాక పాత బండ్లకు నంబరు మార్చుకోవలసిన అవసరం రాలేదు గనుక మూడు సంకేతాలూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ లెక్కన ఈ కాలనీల్లో తిరుగుతున్న, ఇక్కడే నమోదైన చిట్టచివరి ‘ఏపీ’ ప్లేటు సొంత కార్లకు 2029 జూన్ నాటికి మొదటి గడువు ముగుస్తుంది.